బంట్లు బిగుసుకుపోతే నీ ఇంజిన్ ఏం చేయాలంటే

తమ్ముడూ,

నువ్వు రాసిన చెస్ ఇంజిన్ (చెస్ ఆడే ప్రోగ్రాం) ఆడిన గేములన్నీ చూశాను. పావులు కొట్టుకునే చోట చక్కగా ఆడుతోంది, కానీ బంట్లు ఎదురెదురుగా బిగుసుకున్నాయంటే చాలు, ఏనుగును (రూక్‌ను) అటూ ఇటూ జరుపుతూ కూర్చుంటోంది. సెర్చ్ లోతు, అంటే ఎన్ని ఎత్తులు ముందుకు చూస్తుందో అది, పెంచితే సరిపోతుందని అనుకోకు. పాతిక ఎత్తుల దాకా ఏమీ తెరుచుకోని చోట దేన్ని కదిపినా స్కోరు దాదాపు ఒకటే వస్తుంది, అలాంటప్పుడు దానికి దారి ఎలా దొరుకుతుంది చెప్పు?

2008లో గ్రాండ్‌మాస్టర్ హికారు నకమురా, రిబ్కా అనే చెస్ ఇంజిన్ ఆడిన బ్లిట్జ్ (చాలా తక్కువ టైమ్ ఉండే) గేమ్ తీసి చూడు. నకమురా రెండుసార్లు ఏనుగునిచ్చి చిన్న పావు (గుర్రం లేదా బిషప్) తీసుకుని బోర్డంతా మూసేశాడు, లెక్క ప్రకారం తనదే పైచేయి అనుకున్న రిబ్కా యాభై ఎత్తుల రూల్‌తో (అన్ని ఎత్తుల పాటు బంటు కదలక, పావు పోకపోతే డ్రా) గేమ్ డ్రా కాకూడదని బంటును వదిలేసి పొజిషన్‌ను తనే తెరిచింది, చివరికి 271 ఎత్తుల్లో ఓడిపోయింది. అసలు జబ్బు ఆ లెక్కలోనే ఉంది. ఓపెన్ ఫైల్ (బంట్లు లేని నిలువు వరుస) లేదు, తెరిచే దారీ లేదు, అలాంటప్పుడు ఏనుగుకు గుర్రం కన్నా అంత ఎక్కువ విలువ ఎందుకివ్వాలి?

కాబట్టి ముందు ఎదురెదురుగా ఆగిపోయిన బంట్ల జంటలను లెక్కపెట్టించు. అవి పెరిగేకొద్దీ ఏనుగుల విలువ, సొంత బంట్ల రంగు గడుల్లో ఇరుక్కున్న బిషప్ విలువ తగ్గాలి. తర్వాత పాన్ బ్రేక్, అంటే బంటును తోసి మూసుకున్న పొజిషన్‌ను తెరవడం, నేర్పు, నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. కింగ్స్ ఇండియన్ ఓపెనింగ్‌లో సెంటర్ మూసుకున్నాక తెల్లవాళ్లకు సి5, నల్లవాళ్లకు ఎఫ్5, ఫ్రెంచ్ అడ్వాన్స్ ఓపెనింగ్‌లో నల్లవాళ్లకు సి5, ఎఫ్6. అలాంటి బ్రేక్ ఎవరి చేతిలో ఉంది, దానికి ఎన్ని పావులు సాయంగా ఉన్నాయి అన్నదానికి స్కోరు ఇవ్వు, సెర్చ్‌లో ఆ ఎత్తుల లోతును మాత్రం తగ్గించకు. బంటు కదలకుండా, పావు పోకుండా ఎత్తులు గడిచేకొద్దీ స్కోరును సున్నా వైపు, అంటే డ్రా వైపు, లాగు, స్టాక్‌ఫిష్ అనే పేరున్న ఇంజిన్ కూడా ఇలాగే చేస్తుంది.

పొజిషన్‌కు స్కోరు ఇవ్వడానికి న్యూరల్ నెట్ (గేముల నుంచి నేర్చుకునే మోడల్) పెడుతున్నావా? అయితే సెల్ఫ్‌ప్లే గేముల్లో (తనతో తనే ఆడి నేర్చుకునే వాటిల్లో) కొంత భాగం ఇలాంటి మూసుకుపోయిన పొజిషన్ల నుంచే మొదలుపెట్టు, లేకపోతే అవి దానికి అరుదుగానే తగులుతాయి.

మూసుకుపోయిన పొజిషన్లతో టెస్టింగ్ కూడా విడిగా చెయ్యి. ప్రతి పొజిషన్‌నూ రంగులు మార్చి రెండుసార్లు ఆడించు. మామూలు ఓపెనింగ్‌లలో రేటింగ్ పడిపోతే పాన్ బ్రేక్‌లకు ఇచ్చిన అదనపు స్కోర్లు మరీ ఎక్కువైనట్టే, సగానికి తగ్గించి మళ్లీ ఆడించు. ఓడిన గేములు ముందు నాకు పంపు.