రాజీనామా ఇచ్చిన తేదీ కాదు, ఆమోదించిన తేదీ చెప్పండి

ప్రశ్న: మా ఎమ్మెల్యే లోక్‌సభకు పోటీ చేసి ఎంపీ అయ్యారు. ఆయన కోసం సెలవు పెట్టి మరీ ఇరవై రోజులు మా ఊళ్లో ఇంటింటికీ తిరిగాను. గెలిచాక ఫోన్ ఎత్తడం మానేశారు. ఫలితాలొచ్చి ఆరు నెలలు దాటినా ఉప ఎన్నిక ఊసే లేదు. నాన్నగారి ఆపరేషన్‌కు సీఎం రిలీఫ్ ఫండ్ దరఖాస్తు పెడితే ఎమ్మెల్యే లెటర్ లేదని తిప్పి పంపారు. ఓటర్లను మోసం చేసినందుకు చీటింగ్ కేసు పెట్టవచ్చా? కొన్నాళ్లు రెండు పదవులూ ఉంచుకున్నారు కాబట్టి ఎంపీ పదవి రద్దు చేయించవచ్చా? కోర్టు దగ్గర తెలిసినాయన ఒకరు, ఫలితాలొచ్చిన రోజే అసెంబ్లీ సీటు ఖాళీ అయినట్టు అఫిడవిట్‌లో రాస్తే ఆరు నెలలు దాటినట్టే కాబట్టి హైకోర్టులో పని తొందరగా అవుతుందంటున్నారు. అలా చేయవచ్చా? (ఒక పాఠకుడు, కూకట్‌పల్లి)

జవాబు: ఎమ్మెల్యే పేరు, ఊరి పేరు తీసేసి మీ ఉత్తరాన్ని బాగా కుదించి పైన వేశాను. అసలు ఉత్తరం నాలుగు పేజీలు. అందులో ప్రచారంలో ఎన్ని చెప్పులు అరిగాయో ఉంది, ఆయన గృహప్రవేశానికి మిమ్మల్ని పిలవని సంగతి ఉంది. స్పీకర్ ఆయన రాజీనామాను ఏ రోజు ఆమోదించారో మాత్రం లేదు. మీ కేసు మొత్తం నిలబడేది ఆ ఒక్క తేదీ మీదే.

ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లో సెక్షన్ 151ఏ అని ఉంది, 1996లో చేర్చారు. సీటు ఖాళీ అయిన రోజు నుంచి ఆరు నెలల్లో ఉప ఎన్నిక జరపాలంటుంది. మినహాయింపులు రెండు. ఆ సభ్యుడికి మిగిలిన పదవీకాలం ఏడాదిలోపే ఉంటే ఈ ఆరు నెలల నిబంధన వర్తించదు. ఎన్నిక జరపడం కష్టమని కేంద్ర ప్రభుత్వంతో సంప్రదించి ఎన్నికల సంఘం ధ్రువీకరించినా అంతే. కాబట్టి సీటు ఎప్పుడు ఖాళీ అయిందో తెలియకుండా గడువు దాటిందో లేదో మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

ఎమ్మెల్యే రాజీనామా లేఖ మీడియాకు చూపించిన రోజు సీటు ఖాళీ కాదు. రాజ్యాంగం 190(3) ప్రకారం స్పీకర్ ఆమోదించాలి, అదీ ఇష్టపూర్వకంగా ఇచ్చిందేనని నమ్మకం కుదిరాక. విశాఖ ఉక్కు కోసం గంటా శ్రీనివాసరావు 2021 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు, ఆమోదం 2024 జనవరిలో వచ్చింది. ఆ మధ్య దాదాపు మూడేళ్లూ చట్టం దృష్టిలో ఆయన ఎమ్మెల్యేయే.

తేదీ ఎంత పని చేస్తుందో 2018లోనే చూశాం. ప్రత్యేక హోదా కోసం ఐదుగురు వైఎస్సార్సీపీ ఎంపీలు ఏప్రిల్‌లో రాజీనామా చేశారు, ఆమోదం జూన్‌లో పడింది. ఆ లోక్‌సభ గడువు 2019 జూన్ 3. ఆమోదం నాటికి మిగిలింది ఏడాదికి కొన్ని రోజులు తక్కువ, దాంతో ఉప ఎన్నికలు లేవు. అదే ఏడాది మేలో కర్ణాటక అసెంబ్లీకి గెలిచి యడియూరప్ప, శ్రీరాములు, పుట్టరాజు వదిలేసిన శివమొగ్గ, బళ్లారి, మండ్య లోక్‌సభ సీట్లకు మాత్రం నవంబర్ 3న పోలింగ్ జరిగింది. వాళ్లకు పెట్టి మాకెందుకు పెట్టరని అప్పట్లో మనవాళ్లు టీవీల్లో గొంతు చించుకున్నారు. క్యాలెండర్ చూస్తే తేడా నెల రోజులే, కానీ ఆ నెలలోనే ఏడాది గీత ఉంది.

ఇక రెండు పదవుల సంగతి. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు. 101(2) అధికరణం, దాని కింద 1950లో చేసిన నిబంధనల ప్రకారం, ఎంపీగా ఎన్నికైనట్టు గెజిట్లో ప్రచురించాక, కేంద్ర గెజిట్, రాష్ట్ర గెజిట్లలో ఏది ఆలస్యమైతే దాని నుంచి, 14 రోజుల్లోపు ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేయాలి. చేయకపోతే పోయేది ఎంపీ సీటు, ఎమ్మెల్యే సీటు కాదు. ఉత్తమ్‌కుమార్ రెడ్డి నల్గొండ ఎంపీగా 2019 మే 23న గెలిచి హుజూర్‌నగర్ సీటు జూన్ 5న వదిలారు, ఉప ఎన్నిక అక్టోబర్ 21న జరిగింది, అన్నీ గడువులోపే. మీ నాయకుడు ఆ 14 రోజుల్లో రాజీనామా ఇచ్చి ఉంటే, కొన్నాళ్లు రెండు పదవులూ ఉండటం నేరం కాదు, చట్టమే ఇచ్చిన వ్యవధి. ఎన్నికనే సవాలు చేస్తానంటే, ఎలక్షన్ పిటిషన్‌కు గడువు ఫలితం నుంచి 45 రోజులు. ఆలస్యాన్ని మన్నించే అధికారం హైకోర్టుకు కూడా లేదు. మీరు ఆరు నెలల తర్వాత ఉత్తరం రాశారు. ఆ దారి మూసుకుపోయింది, దాని మీద ఇంకో రూపాయి కూడా పెట్టకండి.

చీటింగ్ కేసు కూడా నిలవదు. పెద్ద పదవికి పోటీ చేయడం, గెలిచాక ఫోన్ ఎత్తకపోవడం మోసం నేరం కిందికి రావు. కోపంలో లేనిపోనివి కల్పించి ఫిర్యాదు రాస్తే తప్పుడు ఫిర్యాదు కేసు మీ మీదే పడుతుంది.

ఇప్పుడు ఆ కోర్టు దగ్గర తెలిసినాయన సలహా. ఆయన్ను ఇంకోసారి కలవకండి. ఖాళీ తేదీ మీ అఫిడవిట్ చెబితే నిర్ణయమయ్యేది కాదు, అది అసెంబ్లీ నోటిఫికేషన్‌లో అచ్చయి ఉంటుంది. ఎన్నికల సంఘం న్యాయవాది ఆ ఒక్క కాగితం జడ్జిగారి ముందు పెడితే మీ పిటిషన్ ఖర్చులతో సహా కొట్టేస్తారు. అంతటితో పోదు. తెలిసి తప్పుడు ప్రమాణం చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. సంతకం మీది, జైలు మీది. సలహా ఇచ్చినాయన అప్పటికి ఇంకో క్లయింటుతో టీ తాగుతుంటాడు.

ఇంకో అజాగ్రత్త కూడా కనిపించింది. కూకట్‌పల్లికి మారాక ఓటు కూడా ఇక్కడికే మార్చుకున్నానని మూడో పేజీలో ఒక మూల రాశారు. అంటే ఖాళీ అయిన సీటులో మీరు ఓటరే కాదు. ప్రజాప్రయోజన వ్యాజ్యంలో అది పెద్ద అడ్డు కాకపోవచ్చు గానీ, మొదటి రోజే ఆ ప్రశ్న ఎందుకు వేయించుకోవాలి? నాన్నగారి ఓటు ఊళ్లోనే ఉంది కదా, ఏ పిటిషన్ అయినా ఆయన పేరుతో వేయండి. ఆయన పేరు జాబితాలో ఉందో లేదో ఈ రోజే చూడండి.

చేయాల్సిన పని చిన్నది. పది రూపాయల ఫీజుతో రెండు ఆర్టీఐ దరఖాస్తులు పెట్టండి. ఒకటి అసెంబ్లీ కార్యదర్శి కార్యాలయానికి: రాజీనామా ఏ రోజు ఆమోదించారు, సీటు ఖాళీ అయినట్టు ఇచ్చిన నోటిఫికేషన్ నకలు. రెండోది కేంద్ర ఎన్నికల సంఘానికి: ఈ సీటు విషయంలో 151ఏ కింద ఎన్నిక కష్టమని ధ్రువీకరణ ఏమైనా ఇచ్చారా, ఇస్తే నకలు. జవాబుకు గడువు 30 రోజులు, రాకపోతే మొదటి అప్పీలు. పేపర్ కటింగులు, వాట్సాప్ ఫార్వర్డులు దాచిపెట్టుకోండి, తేదీ రుజువుకు మాత్రం గెజిటే కావాలి. మిగిలిన పదవీకాలం లెక్కించేటప్పుడు ఫలితాల రోజు నుంచి కాదు, అసెంబ్లీ మొదటిసారి సమావేశమైన రోజు నుంచి ఐదేళ్లు లెక్కపెట్టండి.

ఆ తేదీ నుంచి ఆరు నెలలు నిజంగా దాటి, ఏడాదికి పైగా గడువు మిగిలి ఉండి, ధ్రువీకరణ కూడా లేకపోతే, ఎన్నికల సంఘానికి స్పీడ్ పోస్టులో వినతిపత్రం పంపి, డెలివరీ రుజువు దగ్గర పెట్టుకుని, 226 అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు. ఆలస్యం చేయకండి. పుణె లోక్‌సభ సీటు 2023 మార్చిలో ఖాళీ అయింది. ఉప ఎన్నిక పెట్టండని బాంబే హైకోర్టు డిసెంబర్‌లో చెప్పింది, జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, ఇంతలో సార్వత్రిక ఎన్నికలే వచ్చేశాయి. ఉప ఎన్నిక నోటిఫికేషన్ వచ్చాక మాత్రం కోర్టుకు వెళ్లకండి, ఎన్నిక మధ్యలో కోర్టులు కలగజేసుకోకూడదనే రాజ్యాంగం 329(బి) అడ్డొస్తుంది.

రిలీఫ్ ఫండ్ లెటర్‌కు ఉప ఎన్నిక దాకా ఆగక్కర్లేదు. మీరు తిట్టుకుంటున్న ఆయన ఇప్పుడు ఎంపీ, ఎంపీ సిఫార్సు లేఖ కూడా పనికొస్తుంది. ఫోన్ ఎత్తకపోతే ఆసుపత్రి బిల్లులు పట్టుకుని ఆయన క్యాంపు ఆఫీసులో పీఏ దగ్గర కూర్చోండి, లేదా మీ జిల్లా ఎమ్మెల్సీని కలవండి. ఆర్టీఐ జవాబు వచ్చాక ఆ తేదీని మొదటి లైన్లోనే రాసి నాకు మళ్లీ పంపండి. ఈసారి ఒక పేజీ చాలు.