దుప్పట్లు పంచితే పేట మారుతుందా?

ప్రశ్న: అయ్యగారూ, వందనాలు. మేం షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటాం. మా తెలుగు క్రైస్తవ సంఘం ప్రతి థాంక్స్‌గివింగ్ పండక్కీ సిటీలోని నార్త్ లాండేల్ అనే పేద పేటకి వెళ్లి భోజనాలు, దుప్పట్లు పంచి వస్తుంది. ఈసారి మా అబ్బాయి "ఏటా అదే లైను, మనం వెళ్లినందువల్ల ఏం మారింది?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియలేదు. సంఘం పని సువార్త చెప్పడమా, పేటను మార్చడమా?
- ఒక సోదరి, నేపర్‌విల్

జవాబు: అమ్మా, మీ అబ్బాయి అడగాల్సిందే అడిగాడు. దుప్పట్లు ఆపమని నేను చెప్పను, అక్కడి చలి మీకే బాగా తెలుసు. కానీ ఆ పేట ఎందుకు అలా అయిందో తెలుసుకోకుండా వెళ్తే ఏటా వెళ్తూనే ఉంటాం.

1950లో లాండేల్‌లో దాదాపు 87 వేల మంది తెల్లవాళ్లు, వాళ్లలో ఎక్కువమంది యూదులు. 1960కల్లా 11 వేల మంది కూడా మిగల్లేదు. దక్షిణాది నుంచి వచ్చిన నల్లజాతి కుటుంబాలు ఆ ఇళ్లలోకి వచ్చాయి, సినగాగ్‌లు (యూదుల ప్రార్థన మందిరాలు) బాప్టిస్టు చర్చిలయ్యాయి. నల్లవాళ్లుండే పేటల్లో ఇంటి రుణాలకి ప్రభుత్వం హామీ ఇవ్వలేదు కాబట్టి బ్యాంకులూ ఇవ్వలేదు. ఇక్కడే దళారులు దిగారు. తెల్లవాళ్లను భయపెట్టి చౌకగా కొనడం, అదే ఇంటిని నల్లవాళ్లకి రెట్టింపు ధరకి 'కాంట్రాక్టు' మీద అమ్మడం. చివరి వాయిదా కట్టేదాకా ఇల్లు కొన్నవాళ్ల పేరు మీదకి రాదు, మధ్యలో ఒక్క నెల తప్పినా ఇల్లూ పోవచ్చు, అప్పటిదాకా కట్టిందీ పోవచ్చు. క్లైడ్ రాస్ అనే ఆయన 1961లో 27,500 డాలర్లకి కొన్న ఇంటిని, అమ్మినవాడు ఆర్నెల్ల ముందే 12,000కి కొన్నాడు! ఆ వాయిదాల కోసం మనుషులు రెండేసి ఉద్యోగాలు చేశారు, రిపేర్లు ఆగిపోయాయి, పిల్లల్ని చూసుకోవడానికి ఇంట్లో పెద్దవాళ్లు లేరు. బయటివాళ్లు మాత్రం "వీళ్లకి ఇల్లు చూసుకోవడం రాదు" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మన తెలుగువాళ్ల ఇళ్లలో కూడా వినిపిస్తుంది, నాకు చాలా బాధగా ఉంటుంది.

1966 జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ గారు ఆ పేటలోనే ఒక పాత ఫ్లాటులోకి మకాం మార్చారు. మరుసటి ఏడాది జాక్ మెక్‌నమారా అనే యేసు సభ (జెస్యూట్) గురు విద్యార్థి, క్యాథలిక్ గురువు ఫాదర్ జాన్ ఈగన్ గారి విచారణకి (పారిష్‌కి) వచ్చి అక్కడే కాపురం పెట్టాడు. ఆయన, తోటి విద్యార్థులు ఇంటింటికీ తిరిగారు, రికార్డులు తిరగేశారు, దళారి ఎంతకి కొన్నాడో ఎంతకి అమ్మాడో లెక్క తీసి కొన్నవాళ్ల చేతిలో పెట్టారు. అప్పటిదాకా ఎవరికి వాళ్లు సిగ్గుతో దాచుకున్న సంగతి అందరిదీ అని తెలిసింది. రూత్ వెల్స్ అనే గృహిణి దళారిని నేరుగా నిలదీసింది. 1968లో కాంట్రాక్టు మీద ఇళ్లు కొన్నవాళ్ల కూటమి, కాంట్రాక్ట్ బయ్యర్స్ లీగ్ పుట్టింది, వందల కుటుంబాలు వాయిదాలు ఆపేశాయి. పోలీసులు వచ్చి సామాను వీధిలో పడేస్తే ఇరుగుపొరుగు మళ్లీ లోపలికి మోసుకెళ్లారు. కోర్టులో ఓడిపోయారు, అయినా వందల కాంట్రాక్టులు తక్కువ ధరకి తిరగరాయించుకున్నారు.

తర్వాతి కథ ఇంకా మామూలు మనుషులది. వేన్ గోర్డన్ అనే తెల్లజాతి యువకుడు ఒక హైస్కూల్లో కోచ్‌గా చేరి, ఆ పేటలోనే ఇల్లు తీసుకుని, 1978లో స్కూలు పిల్లలతో కలిసి లాండేల్ కమ్యూనిటీ చర్చి మొదలుపెట్టాడు. మీకేం కావాలని అడిగితే వాళ్లు ముందు చెప్పింది భయం లేకుండా బట్టలు ఉతుక్కునే చోటు! చర్చిలో వాషింగ్ మెషీన్ పెట్టారు. 1984లో క్లినిక్ వచ్చింది. కింగ్ గారు ఉన్న భవనం కూల్చేశాక ఖాళీగా పడి ఉన్న స్థలంలో, ఆ చర్చి నుంచి పుట్టిన సంస్థే 2011లో 45 ఫ్లాట్లు కట్టించింది.

కాబట్టి మీ అబ్బాయికి ఇలా చెప్పండి: సువార్త చెప్పినవాళ్లే అక్కడ వాషింగ్ మెషీన్ కూడా పెట్టారు, రెంటినీ విడదీయాల్సిన పని వాళ్లకి రాలేదు. మీ సంఘం ఈ ఏడాది అక్కడి పాస్టర్లలో ఎవరినైనా ముందు కలిసి, ఏం కావాలో వాళ్లనే అడగాలి. మీలో డాక్టర్లుంటారు, అకౌంట్లు తెలిసినవాళ్లుంటారు, పిల్లలకి లెక్కలు చెప్పగలవాళ్లుంటారు. నెలకి రెండు శనివారాలు చాలు, కానీ ఏడాదంతా వెళ్లాలి. ఫోటోలు మాత్రం వద్దమ్మా.

ప్రశ్న: మాది విజయవాడ కొండప్రాంతం. మా పాస్టర్ గారు ఇళ్ల పట్టాల కోసం జనంతో కలిసి ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. ఇది ఆత్మీయమైన పనేనా?
- ఒక సంఘ పెద్ద

జవాబు: నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయం చదవండి. జనం పొలాలూ ఇళ్లూ తాకట్టు పెట్టి ఏడుస్తుంటే నెహెమ్యా ప్రార్థనతో ఆగలేదు, అప్పులిచ్చిన పెద్దలను పిలిపించి, అందరి ముందు గద్దించి, తిరిగి ఇప్పించాడు. మీరూ ఈ సోమవారం ఆయనతో వెళ్లండి. సంఘ పెద్దలు నలుగురు వెంట ఉంటే ఆఫీసులో వినే తీరే వేరుగా ఉంటుంది.