పరిణామ పాఠం వదిలేస్తే కోర్టుకెక్కొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ప్రభుత్వ హైస్కూల్లో పదో తరగతి. జీవ పరిణామం నిరూపణ కాలేదంటూ సైన్స్ మాస్టారు ఆ పాఠం వదిలేశారట. అమెరికాలో తల్లిదండ్రులు ఇలాంటి కేసులు గెలిచారని విన్నాను. మేమూ హైకోర్టుకు వెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: వెళ్లే హక్కుంది. కానీ అమెరికా తీర్పులను నమ్ముకుని వెళ్తే పిటిషన్ నిలబడదు. 1968లో పరిణామం బోధించకూడదన్న ఆర్కాన్సా నిషేధాన్ని కొట్టేశారు. 1987లో, పరిణామం చెబితే, జీవులను దేవుడే సృష్టించాడన్న సృష్టివాదమూ చెప్పాలన్న లూసియానా చట్టాన్ని కొట్టేశారు. 2005లో పెన్సిల్వేనియాలోని డోవర్‌లో, జీవులను ఓ తెలివైన శక్తి రూపొందించిందన్న వాదాన్ని సైన్స్ క్లాసులోకి తెచ్చిన స్కూలు బోర్డుపై పదకొండుమంది తల్లిదండ్రులు గెలిచారు. ఖర్చుల కింద స్కూలు బోర్డు సుమారు పది లక్షల డాలర్లు చెల్లించుకుంది. ఈ మూడింట్లో ఏదీ మాస్టారు పాఠం ఎగ్గొట్టారని వేసిన కేసు కాదు. ప్రభుత్వం మతాన్ని బోధనలోకి తెచ్చిందన్నదే అన్నిటికీ ఆధారం.

మన దగ్గర దానికి దగ్గరగా ఉన్నది రాజ్యాంగం 28(1) అధికరణం: పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ కూడదు. పాఠం బదులు మాస్టారు సృష్టికథను సైన్స్‌గా చెబితే ఇది పనికొస్తుంది. ఊరికే వదిలేస్తే పనికిరాదు. శాస్త్రీయ దృక్పథం గురించిన 51ఎ(హెచ్) పౌరుడి విధి మాత్రమే, దాని ఒక్కదానిపై ఉత్తర్వు రావడం కష్టం. పాఠ్యాంశాలు ఎలా ఉండాలో చెప్పే విద్యాహక్కు చట్టం 29వ సెక్షను ఎనిమిదో తరగతి దాకానే; మీ అబ్బాయి పదిలో ఉన్నాడు.

పైగా సిలబస్ విషయాల్లో మన కోర్టులు నిపుణులకే వదిలేస్తాయి. జ్యోతిష కోర్సులు పెట్టాలన్న యూజీసీ నిర్ణయాన్ని హైదరాబాద్ శాస్త్రవేత్త పి.ఎం. భార్గవ మన హైకోర్టులో సవాలు చేసి, 2004లో సుప్రీంకోర్టులోనూ ఓడిపోయారు. 2023లో డార్విన్ సిద్ధాంతమే తప్పంటూ ఒకరు వేసిన పిటిషన్‌నూ సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. అంటే ఆ తలుపు ఇరుపక్షాలకూ మూసే ఉంది.

కాబట్టి ముందు పుస్తకం తెరిచి చూడండి. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్‌లో ‘అనువంశికత, పరిణామం’ అధ్యాయం కుదింపు తర్వాత ‘అనువంశికత’గా మిగిలింది. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో పరిణామం ఉంది. మీ అబ్బాయి పుస్తకంలోనే పాఠం లేకపోతే మాస్టారి మీద ఫిర్యాదు దండగ. అప్పుడు అడగాల్సింది సిలబస్ రూపొందించిన సంస్థను.

పాఠం ఉంటే హెడ్మాస్టరుకు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద సంతకం, తేదీ, స్కూలు ముద్ర వేయించుకోండి. రెండు వారాల్లో ఉలుకూ పలుకూ లేకపోతే జిల్లా విద్యాశాఖాధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టండి, ఫీజు 10 రూపాయలకు మించదు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ‘ఎందుకు చెప్పలేదు?’ అని రాస్తే, అది రికార్డు కాదని తిప్పి పంపుతారు. వార్షిక పాఠ్య ప్రణాళిక నకలు, మాస్టారి పాఠ్య ప్రణాళిక రిజిస్టరు నకలు అడగండి. 30 రోజుల్లో ఇవ్వకుంటే మొదటి అప్పీలు.

ఇంత తతంగం ఎందుకంటే, 226 అధికరణం కింద అధికారి చేత పని చేయించమని హైకోర్టును కోరేటప్పుడు, ముందు మీరు అడిగారని, వాళ్లు కాదన్నారని లేదా పట్టించుకోలేదని చూపాలి. ఆ కాగితాలు లేకుండా అమరావతి దాకా వెళ్తే, ముందు అధికారులకు వినతిపత్రం ఇమ్మని అక్కడి నుంచే పంపేయొచ్చు. చాలా సందర్భాల్లో విద్యాశాఖాధికారి నుంచి ఒక్క మెమో వస్తే పాఠం జరిగిపోతుంది.

ప్రశ్న: 1925 నాటి ‘కోతి కేసు’లో టీచరు గెలిచాడంటారు, నిజమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, భీమిలి

జవాబు: కాదు. అమెరికాలోని టెనెసీలో, నిషేధం ఉన్నా పరిణామం బోధించాడని టీచరు జాన్ స్కోప్స్‌ను దోషిగా తేల్చి 100 డాలర్ల జరిమానా వేశారు. అక్కడ 50 డాలర్లు మించిన జరిమానాను జ్యూరీయే నిర్ణయించాలి, జడ్జి వేశారన్న కారణంతో 1927లో పైకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ఆ నిషేధ చట్టం మాత్రం 1967 దాకా అలాగే ఉంది.