వేపుడు గురించి రాయబోయే తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన బెండకాయ వేపుడు వ్యాసం చదివాను. మొదటి పేరా అంతా ఆ వంట గొప్పతనమే ఉంది, అది తీసెయ్. చదివేవాళ్లు ఇప్పటికే బెండకాయలు తెచ్చుకుని పొయ్యి దగ్గర నిలబడి ఉన్నారు.

కాయలు కడిగి, బట్టతో తుడిచి, తడి పూర్తిగా ఆరాకే కోయాలన్న మాట చివర చిట్కాల్లో పెట్టావు. అక్కడిదాకా వచ్చేసరికి ముక్కలు కోయడం అయిపోతుంది, జిగట కూడా మొదలవుతుంది. చెయ్యి ఏ వరుసలో కదులుతుందో మాట కూడా ఆ వరుసలోనే రావాలి.

ఇక నీ ‘పది నిమిషాలు’. దేవరకొండలో కట్టెల పొయ్యి మీద ఇనుప కడాయి పెట్టే అమ్మకూ, హాస్టల్ గదిలో ఇండక్షన్ స్టవ్ మీద వండుకునే పిల్లాడికీ ఒకే లెక్క ఎలా కుదురుతుంది? నిమిషాల బదులు ఆనవాళ్లు రాయి. ముక్కలు వేయగానే కడాయి గట్టిగా చుయ్యిమంటుంది, అది నీటి చప్పుడు. గంటెకు జిగట తీగలు సాగుతాయి. కాసేపటికి చప్పుడు తగ్గి, తీగలు తెగి, ముక్కలు విడివిడిగా దొర్లుతాయి. అప్పుడు అంచులు ఎర్రబడటం మొదలవుతుంది. ఇదంతా నువ్వు కళ్లారా చూసే ఉంటావు, కాగితం మీదికి మాత్రం రాలేదు.

కారణం కూడా ఒక్క వాక్యంలో చెప్పు. ముక్క పైభాగంలో తడి ఉన్నంతసేపు అక్కడి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రటి రంగు, కమ్మటి వాసన రావాలంటే పైభాగం 140 డిగ్రీల దాకా వేడెక్కాలి. అందుకే మూత పెట్టకూడదు, మాటిమాటికీ కలపకూడదు, ఉప్పు ముందే వేయకూడదు. ఉప్పు లోపలి నీటిని బయటికి లాగుతుంది. ఇది అర్థమైతే దొండకాయకూ ఆలుగడ్డకూ వాళ్లే దారి వెతుక్కుంటారు.

పల్లీల పొడిని అరవాక్యంలో తేల్చేశావు, అది నాకు బాధనిపించింది. పల్లీ పండే పాలమూరు వంట గురించి రాస్తూ అలా దాటేస్తే ఎలా? పల్లీలు సన్న మంట మీద వేగి, పొట్టు చిట్లి, గోధుమ రంగు మచ్చలు పడాలి. పూర్తిగా చల్లారాక ఎండు మిర్చి, జీలకర్ర, ఎల్లిగడ్డతో బరకగా దంచాలి. వేడి మీద మిక్సీలో తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. పొయ్యి ఆపే ముందు ఉప్పు, ఆ పొడి చల్లి రెండుసార్లు కలిపితే చాలు, ముందే వేస్తే మాడి చేదెక్కుతుంది. జొన్న రొట్టెతో ఎంత బాగుంటుందో నువ్వే రాశావు, ఆ వాక్యం ఉంచు, బాగుంది.

ఇంకొకటి. పావుకిలోకు కొలతలిచ్చి, ఎక్కువమందికి రెట్టింపు చేసుకోమన్నావు. కడాయి నిండా ముక్కలుంటే అవి వేగవు, ఆవిరికి ఉడుకుతాయి. రెండు వాయిలుగా వేయించమని చేర్చు. పొడికి పల్లీలెన్ని, మిర్చి ఎన్ని అన్నది కూడా ఈసారి రాసి పంపు.

మీ అన్న