బైపీసీ పిల్లకు కోడింగ్ వస్తుందా?

ప్రశ్న: సార్, మాది గుత్తి దగ్గర పల్లె. అనంతపురంలో బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతున్నా. బయోఇన్ఫర్మాటిక్స్‌లో పీజీ చేయాలనుంది. కానీ నేను ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నదే లెక్కలంటే భయపడి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా బావ "అది అటూ ఇటూ కాని కోర్సు, బీఈడీ చెయ్యి" అంటున్నాడు. నాన్నేమో "నీ ఇష్టమే గానీ, అదేం చదువో నాకు అర్థమయ్యేటట్టు చెప్పు" అన్నాడు. చెప్పలేకపోయా. ఒకటే టెన్షన్.

జవాబు: బావ సంగతి తర్వాత చూద్దాంలే అమ్మా, ముందు నాన్నకు జవాబు చెప్పాలి. గుత్తి దగ్గర పల్లె అంటున్నావు కాబట్టి మీ నాన్న ఎప్పుడో ఒకప్పుడు శనక్కాయ వేసే ఉంటాడు, అక్కణ్ణుంచే మొదలుపెట్టు.

శనక్కాయ నూనెలో ముఖ్యమైన కొవ్వు ఆమ్లాలు ఓలిక్, లినోలిక్. ఓలిక్ ఎక్కువుంటే నూనె తొందరగా పాడై వాసన కొట్టదు, పప్పులు కూడా ఎక్కువ రోజులు నిలవుంటాయి. ఓలిక్‌ను లినోలిక్‌గా మార్చే ఎంజైము మొక్కలో ఒకటుంది, దాన్ని తయారుచేసే జన్యువు పేరు ఫ్యాడ్-2. మనం పండించే వేరుశెనగ రెండు అడవి జాతులు కలిసి పుట్టింది కాబట్టి ఈ జన్యువుకు రెండు కాపీలు. డీఎన్‌ఏ అంటే ఏ, సీ, జీ, టీ అనే నాలుగు అక్షరాలతో రాసిన పొడుగాటి రాత అనుకో. కొన్ని మొక్కల్లో ఒక కాపీలో ఒక అక్షరం మారిపోయింది, రెండో కాపీలో ఒక అక్షరం అదనంగా వచ్చి చేరింది. ఈ రెండూ ఒకే మొక్కలో కలిస్తే ఎంజైము సరిగా పనిచేయక ఓలిక్ 80 శాతం దాకా పోతుంది. గిర్నార్ 4, గిర్నార్ 5 అనే రకాలు ఇలాంటివే, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ వాళ్లకూ వాటి తయారీలో వాటా ఉంది.

ఒక్క అక్షరం ఎక్కువైతే ఏమవుతుందని నాన్న అడుగుతాడు. కాగితం మీద "పలక కలము గడప" అని రాసి చూపించు. కణం డీఎన్‌ఏను మూడేసి అక్షరాలుగానే చదువుతుంది. మొదటి మాట తర్వాత ఒక "అ" దూర్చు, మళ్లీ మూడేసి చొప్పున చదువు: "పలక అకల ముగడ ప". అర్థం లేదు కదా, ఎంజైముకు కూడా అదే గతి.

ఇప్పుడు అసలు సంగతి. 2019లో వెలువడిన వేరుశెనగ జన్యుక్రమంలో సుమారు 250 కోట్ల అక్షరాలున్నాయి. అందులో ఆ ఒక్క అక్షరాన్ని కంటితో వెతకలేం కదా, కంప్యూటర్‌తో అది వెతికే చదువే నీ బయోఇన్ఫర్మాటిక్స్. పైగా డీఎన్‌ఏ చదవడానికి ఎక్కువగా వాడే యంత్రాలు దాన్ని నూటయాభై అక్షరాల ముక్కలుగా ఇస్తాయి. ఒకే పేపరు కర్నూలు ఎడిషనూ అనంతపురం ఎడిషనూ చింపి కుప్పపోసి, ఏ ముక్క ఏ ఎడిషన్‌దో చెప్పమన్నట్టుంటుంది, ఎందుకంటే వేరుశెనగలోని రెండు జాతుల వాటాలూ చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి.

లెక్కల భయం గురించి. కావలసింది సంభావ్యత, స్టాటిస్టిక్స్, కొంచెం మాత్రికలు. ఇంటర్ ఎంపీసీ పుస్తకాలు తెచ్చుకుని ఆ అధ్యాయాలు మాత్రం కూర్చుని చేస్తే ఆరు నెలల పని. నీకు ఇది సరిపడుతుందో లేదో ఈ నెలలోనే తేలిపోతుంది. రోజలిండ్ అని ఉచిత సైటొకటుంది, మొదటి లెక్క ఇచ్చిన డీఎన్‌ఏలో ఏ, సీ, జీ, టీ ఎన్నెన్ని ఉన్నాయో లెక్కపెట్టడమే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నాలుగు లైన్లు. అది రాశాక జవాబు సరిపోయినప్పుడు ఇంకోటి చేద్దామనిపిస్తే కోర్సులో చేరు, తలనొప్పొస్తే మాత్రం బీఈడీ కూడా మంచి చదువే.

నా సొంత గోడు ఒకటి. పీజీ ప్రాజెక్టులో జన్యువుల జాబితాను స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేశా. సెప్ట్-2 అనే జన్యువు సెప్టెంబరు 2 అయి కూర్చుంది. మూడు వారాలు ఫలితాలు తప్పొస్తుంటే నా కోడే తప్పనుకుని తిట్టుకున్నా. ఈ గోల ప్రపంచమంతా పడింది, చివరికి పేర్లు పెట్టే కమిటీయే అలాంటి జన్యువులకు పేర్లు మార్చి, కొత్త నియమాలను 2020లో ప్రకటించింది. సెప్ట్-2 ఇప్పుడు సెప్టిన్-2. ఇలాంటివి సిలబస్‌లో ఉండవు.

బావ మాటలో సగం నిజముంది. నాలుగు వెబ్‌సైట్లలో బటన్లు నొక్కడం నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఉద్యోగం కష్టమే. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టం, పైథాన్, స్టాటిస్టిక్స్‌కు వాడే ఆర్ భాష చేతికి వచ్చి, నువ్వే మొదటి నుంచి చివరిదాకా చేసిన ప్రాజెక్టు ఒక్కటి చూపించగలిగితే కథ వేరే. ప్రవేశ పరీక్షలంటావా, మన రాష్ట్ర వర్సిటీలకు ఏపీ పీజీసెట్, హైదరాబాద్ సెంట్రల్ వర్సిటీకి సీయూఈటీ పీజీ, ఐఐటీలకు జామ్. మూడింటికీ ఒకే ప్రిపరేషన్ అనుకోవద్దు, పాత పేపర్లు విడివిడిగా చూడు.

ప్రశ్న: మా వాడు కడపలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. కంప్యూటర్‌తో జీవశాస్త్రం చేసే కంప్యుటేషనల్ బయాలజీ చదువుతానంటున్నాడు. టెన్త్ తర్వాత బయాలజీ ముట్టలేదు. కుదురుతుందా?

జవాబు: కుదురుతుంది, మీరు అడ్డుపడకండి. కోడింగ్ వచ్చినవాడికి బయాలజీ నేర్పడం కష్టమేమీ కాదు గానీ, "అదంతా బట్టీయే కదా" అని చులకనగా చూస్తే మాత్రం మునుగుతాడు. బ్యాక్టీరియాకూ మొక్కకూ జన్యువు నిర్మాణంలో తేడా ఏమిటో తెలియకుండా ప్రోగ్రాం రాసేవాళ్లను చాలామందిని చూశా. ఇంటర్ బాటనీ, జువాలజీ పుస్తకాల్లో కణం, జన్యుశాస్త్రం పాఠాలు చదివించండి, తెలుగు మీడియం పుస్తకాలైనా ఫర్లేదు.

ప్రశ్న: ప్రొటీన్ల ఆకారాలు అంచనా వేసే ఏఐ ప్రోగ్రాం ఆల్ఫాఫోల్డ్ వచ్చేసింది, నోబెల్ కూడా ఇచ్చేశారు. ఇంక మేం చదివి ఏం చేయాలి? – ఎమ్మెస్సీ విద్యార్థి, కర్నూలు

జవాబు: 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం దాన్ని తయారుచేసిన హస్సాబిస్, జంపర్‌లకూ, మిగతా సగం కొత్త ప్రొటీన్లను రూపొందించిన డేవిడ్ బేకర్‌కూ వచ్చింది. నిజమే, ఇరవై కోట్ల పైచిలుకు ప్రొటీన్ల ఆకారాలను అంచనా వేసి ఊరికే ఇచ్చేశారు. అయితే ఆల్ఫాఫోల్డ్ నేర్చుకుంది ఎక్కడినుంచి? 1971 నుంచి ల్యాబుల్లో ఒక్కొక్క ప్రొటీన్ స్ఫటికం పెంచి, ఎక్స్‌రేలతో కొలిచి దాచిన డేటాబ్యాంకు నుంచి. ఆ ఆకారాల్లో ఏది నమ్మదగిందో ఏది కాదో చూడ్డానికి ఇప్పటికీ తీసేది 1963లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్ బృందం గీసిన ప్లాటే, ప్రొటీన్ గొలుసు ఏ కోణాల్లో వంగగలదో చూపే పటం అది. ఆల్ఫాఫోల్డ్ ఇచ్చిన బొమ్మలో నమ్మకం ఎక్కువున్న భాగం నీలం, తక్కువున్నది నారింజ రంగులో కనిపిస్తుంది. నీ ప్రాజెక్టు ప్రొటీన్‌ను ఈ రాత్రే తెరిచి, నారింజ రంగు ఎక్కడుందో చూడు, నీ పని అక్కడుంది.