పోస్టర్లు వందల్లో దాచుకున్నా, నాదంటూ ఒక్కటీ లేదు!

ప్రశ్న: గ్రాఫిక్ డిజైన్ మూడో ఏడాది చదువుతున్నాను. నచ్చిన పోస్టర్లు, లోగోలు వందలకొద్దీ దాచుకుంటాను. నేను పనికి కూర్చుంటే మాత్రం వాటిలో ఏదో ఒకదానికి నకలులా వస్తోంది. బ్రాండింగ్ స్టూడియోలో చేరాలని నా కోరిక. నాన్నేమో ‘బొమ్మలు గీస్తే బతుకు గడుస్తుందా?’ అంటున్నారు. ఈ రంగం నాకు సరిపడదా?

సమాధానం: నకలులా ఉందని మీకే తెలుస్తోందంటే కన్ను తయారైంది, చెయ్యి ఇంకా అందుకోలేదు. మీరు దాచుకునేవన్నీ పూర్తయిన పనులు. ఆ డిజైనర్ ముందున్న సమస్య ఏమిటో, ఎన్ని ఊహలు కొట్టేశాడో వాటిలో కనిపించదు. అందుకే రంగూ ఫాంటూ మాత్రమే మీ పనిలోకి దిగుతున్నాయి.

కొత్తవి దాచడం ఒక నెల ఆపండి. ఉన్నవాటిలోంచి వారానికొకటి తీసి విప్పి చూడండి. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని అడుగు లేయర్‌లో కదలకుండా లాక్ చేసి, పైన గైడ్‌లు (కొలతలు చూపే సన్నని గీతలు) గీయండి. మార్జిన్ ఎంత, కాలమ్‌లు ఎన్ని, హెడింగ్ కింది అక్షరాలకు ఎన్ని రెట్లుంది, రంగులు ఎన్ని వాడారు? అన్నీ రాసుకున్నాక చూడకుండా మళ్లీ కట్టండి. ఎక్కడ తేడా వస్తే అక్కడ మీరు నేర్చుకోవాల్సింది ఉంది. ఇవి సాధన కోసమే, పోర్ట్‌ఫోలియోలో (ఉద్యోగానికి చూపే మీ పనుల సంకలనంలో) పెట్టకూడదు.

గ్రిడ్ (పేజీని గళ్లుగా విడదీసే కనిపించని గీతల అమరిక) పట్టుబడాలంటే స్విస్ డిజైనర్ యోసెఫ్ ముల్లర్ బ్రోక్‌మన్ 1950ల్లో జ్యూరిక్ కచేరీలకు చేసిన పోస్టర్లతో మొదలుపెట్టండి. అభిమానించే పనిలో లోపం వెతకడమూ అలవాటు చేసుకోండి. డిజైనర్ మాసిమో విగ్నెల్లీ పేరుతో ప్రసిద్ధమైన 1972 నాటి న్యూయార్క్ సబ్‌వే మ్యాప్‌లో రైలు గీతలన్నీ నిలువు, అడ్డం, 45 డిగ్రీల్లోనే సాగుతాయి. చూడముచ్చటగా ఉంటుంది. కానీ పొడవాటి సెంట్రల్ పార్కు అందులో బూడిదరంగు చదరంగా మారడంతో నగరం తెలిసినవాళ్లే తికమకపడ్డారు. 1979లో దాన్ని మార్చేశారు.

పోర్ట్‌ఫోలియోకి ఐదారు ప్రాజెక్టులు చాలు. పదిహేను పెడితే బలహీనమైన నాలుగే గుర్తుంటాయి. ప్రతిదానికీ సమస్యేమిటో నాలుగు వాక్యాలు, కొట్టేసిన రెండు మూడు పెన్సిల్ స్కెచ్‌లు, ఎందుకు కొట్టేశారో, తర్వాత తుది రూపం. లోగోని 16 పిక్సెళ్లకు కుదించి, ఒక్క నలుపులో చూడండి. అక్కడ ఆనవాలు పట్టలేకపోతే కప్పుల మీదా సంచుల మీదా వేసి చూపే మాకప్‌లు దాన్ని కాపాడవు. (విద్యార్థులు ఎక్కువ సమయం పోసేది మాత్రం ఆ మాకప్‌ల మీదే!)

ఒక్కదాన్నయినా నిజంగా అచ్చు వేయించండి. తెర మీద మెరిసిన ఆకుపచ్చ, నీలం సీఎంవైకేలో (అచ్చుకు వాడే నాలుగు సిరా రంగుల్లో) చప్పబడతాయి. చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరించే గీత దాటి సాగే రంగు) వదలకపోతే కత్తిరింపులో తెల్ల అంచు మిగులుతుంది. ఫొటోలు అచ్చయ్యే సైజులో 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) ఉండాలి. చిన్న అక్షరాలకు నాలుగు రంగులు కలిపిన నలుపు వద్దు, ఒక్కో రంగు వేసే అచ్చు ప్లేట్లు కాస్త జరిగినా అంచులు మసకబారతాయి. తెలుగులో చేస్తే ఇంగ్లిష్‌కు పెట్టిన లైన్ స్పేసింగ్ సరిపోదు. వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

మీ నాన్నగారి ప్రశ్న న్యాయమైనదే. వాదించకండి, ప్యాకేజింగ్, యాప్ స్క్రీన్లు, పుస్తకాల లేఅవుట్, దారి చూపే బోర్డులు కూడా ఈ చదువుతో వచ్చే పనులేనని చూపించండి. చదువు అయ్యేలోగా డబ్బు వచ్చే చిన్న పని ఒకటి చేయండి. సగం అడ్వాన్సు, రెండుసార్లే మార్పులు, ఏయే ఫైళ్లు ఎప్పటికి ఇస్తారో ముందే రాతలో పెట్టండి. ఈ రాత లేకే కొత్తవాళ్లు ఒక్క లోగోకి ఇరవైసార్లు మార్పులు చేస్తూ కూర్చుంటారు. చదువు అయ్యాక ఒక ఏడాది గడువు అడగండి. ఈలోగా బ్రాండింగ్ స్టూడియో పిలవకపోతే ప్రచురణ సంస్థలోనో ప్రింటింగ్ ప్రెస్‌లోనో చేరడానికి వెనకాడకండి. ఫైలు అచ్చుకి ఎలా సిద్ధమవుతుందో అక్కడ రోజూ చేత్తో చేస్తారు, స్టూడియోలో అదే అడుగుతారు.