ప్లేటు వెనక అంపైరుకు బంతి సరిగ్గా కనబడాలంటే

బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ రెండూ స్కూల్ గేమ్స్‌లో ఉన్నాయి. మన జిల్లాల్లో ప్లేటు (బ్యాటర్ పక్కన నేల మీద ఉండే పలక, హోమ్ ప్లేట్) వెనక అంపైరుగా నిలబడేది చాలావరకు పీఈటీలూ, ఆట మానేసిన సీనియర్లే. ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వాళ్ల నుంచే వచ్చాయి.

ప్రశ్న: సార్, చాలా ఏండ్లుగా క్రికెట్‌కు అంపైరింగ్ చేస్తున్నా. ఇప్పుడు బేస్‌బాల్‌కూ నన్నే నిలబెడుతున్నారు. బ్యాటర్‌కు దూరంగా, కింద పడే బంతి నాకు అస్సలు కనపడటం ల్యా. అందాజుగా చెప్పాల్సి వస్తాంది. ఏం చేయాల?
– ఒక పీఈటీ, గుంతకల్లు

జవాబు: ఆ మూల కనబడలేదంటే దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: మీ తల మరీ కిందికి దిగుతోంది. క్రికెట్‌లో బౌలర్ వైపు నిలబడతారు, బంతి మీ నుంచి అవతలికి పోతుంది, మధ్యలో అడ్డం ఉండదు. ఇక్కడ బంతి మీ మీదికే వస్తుంది. ముందు క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు) తలా భుజమూ, పక్కన బ్యాటర్. కాబట్టి మొదట చూపుకు దారి చేసుకోవాలి. క్యాచర్‌కూ బ్యాటర్‌కూ నడుమ ఉండే ఆ ఖాళీనే స్లాట్ అంటారు.

బ్యాటర్ కుడిచేతి వాటమైతే అతను మీకు ఎడమ పక్కన ఉంటాడు. మీ ఎడమ పాదం ముందు పెట్టండి. కుడి పాదం బొటనవేలు ఎడమ మడమకు సమానంగా వచ్చేలా వెనక్కి తీసుకోండి. కాళ్ల మధ్య ఎడం భుజాల వెడల్పు కన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. ముక్కు ప్లేటు లోపలి అంచుకు, అంటే బ్యాటర్ వైపు అంచుకు సూటిగా ఉండాలి. గడ్డం క్యాచర్ తల పైభాగానికి సమానంగా ఉండాలి, అంతకన్నా కిందికి దిగకూడదు. ఎడమచేతి బ్యాటర్ వస్తే ఇదంతా తిరగేయండి.

క్యాచర్ ఒక్కోసారి బ్యాటర్ వైపు జరిగి స్లాట్ మూసేస్తాడు. అప్పుడు చాలామంది రెండో పక్కకు జరుగుతారు, అది తప్పు. అక్కడి నుంచి లోపలి అంచు పూర్తిగా పోతుంది. పక్కకు కాకుండా పైకి లేచి, క్యాచర్ తల మీదుగా చూడండి.

ఇక తల కదలకపోవడం. నా దృష్టిలో మిగతా అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. బంతి విసిరే పిచర్ కాలు పెట్టే పలక నుంచి ప్లేటుకు దూరం 60 అడుగుల 6 అంగుళాలు. చేయి ముందుకు చాచి వదులుతాడు కాబట్టి బంతి ప్రయాణించేది సుమారు 55 అడుగులే. గంటకు 120 కిలోమీటర్ల వేగమైతే అర సెకను. పక్కన నిలబడ్డ బ్యాటర్‌కు చివరి క్షణంలో బంతి కళ్ల ముందు అడ్డంగా దూసుకుపోతుంది, అంత వేగంగా కన్ను తిరగలేదు. మీరు దాదాపు బంతి వచ్చే గీత మీదే ఉంటారు, అందుకే అది మీ చూపులో అడ్డంగా జరిగేది తక్కువ. చివరిదాకా చూడగలిగే వీలు బ్యాటర్‌కన్నా మీకే ఎక్కువ. బంతితో పాటు తల ఊగిందా, ఆ వీలు పోతుంది. బంతి వంగిందో, మీ తలే వంగిందో తెలియదు.

అందుకని పిచర్ చేయి పైకి లేచేసరికే మీరు వంగి కుదురుకుని ఉండాలి. బంతి చేయి వదిలాక నడుము, మోకాళ్లు, మెడ ఏవీ కదలకూడదు. కళ్లు మాత్రమే బంతి వెంట వెళ్లి గ్లవ్‌లో పడేదాకా చూడాలి. తల ఎత్తు బంతి బంతికీ మారిపోతుంటే, మేజర్ లీగ్ అంపైర్‌గా పనిచేసిన జెర్రీ డేవిస్ పేరుతో చెప్పుకునే పద్ధతి ప్రయత్నించండి: కాస్త వెనక్కి జరిగి, చేతులు చాచి మోకాళ్ల మీద బిగించి ఆనించడం. చేతులే కొలబద్ద కాబట్టి తల ప్రతిసారీ ఒకే ఎత్తులో ఆగుతుంది. క్యాచర్‌కు దగ్గరగా నిలబడి మాత్రం ఇలా చేయొద్దు, బ్యాట్ అంచుకు తగిలి వెనక్కి వచ్చే ఫౌల్ బంతి చేతులకు తగులుతుంది.

బంతికీ బంతికీ మధ్య లేచి నిటారుగా నిలబడండి. మ్యాచ్ అంతా వంగే ఉంటే చివరి ఇన్నింగ్స్‌కు తొడలు వణికి తల దానంతటదే కిందికి జారుతుంది.

ప్రశ్న: కర్వ్ బంతిని క్యాచర్ నేలకు దగ్గరగా పట్టినాడు, నేను బాల్ అన్నా. పిచర్ ఒప్పుకోలేదు. పక్క నుంచి తీసిన వీడియో చూస్తే అతనిదే నిజం. గ్లవ్ చూసి చెప్పడం తప్పా?
– సీనియర్ ఆటగాడు, ప్రొద్దుటూరు

జవాబు: గ్లవ్ చూసి చెప్పడం తప్పే. స్ట్రైక్ జోన్ ప్లేటు మీద ఉంది, క్యాచర్ దగ్గర లేదు. బ్యాటర్ కొట్టకుండా వదిలిన బంతి ఈ జోన్‌ను తాకితే స్ట్రైక్, తాకకపోతే బాల్. దాని కింది హద్దు మోకాలి చిప్ప కింది గుంట. పై హద్దు భుజాలకూ ప్యాంటు పై అంచుకూ సరిగ్గా నడుమ. బ్యాటర్ కొట్టడానికి సిద్ధమైనప్పటి నిలుపును బట్టి ఇది కొలుస్తారు. ప్లేటు వెడల్పు 17 అంగుళాలు. బంతి అంచు తగిలినా స్ట్రైకే కాబట్టి, దాదాపు 3 అంగుళాల బంతి నడిమి భాగానికి ఆచరణలో 20 అంగుళాల దారి ఉన్నట్టు. కర్వ్ బంతి ఏటవాలుగా దిగుతుంది. ప్లేటు ముందు అంచు దాటి గ్లవ్‌లో పడేలోపు జానెడు కిందికి వస్తుంది. మోకాలి దగ్గర జోన్‌ను తాకిన బంతి పిక్క దగ్గర దొరకడం మామూలే.

గ్లవ్‌దాకా చూడమని పైన చెప్పింది చూపు మధ్యలో తెగకుండా ఉండటానికి. నిర్ణయం మాత్రం ప్లేటు మీద బంతి ఎక్కడుందో దాన్ని బట్టి. తెలివైన క్యాచర్ పట్టిన వెంటనే గ్లవ్‌ను లోపలికి లాగుతాడు, ఆ కదలికను లెక్కలోకి తీసుకోవద్దు.

రెండో కారణం తొందర. సగం దారిలోనే ‘ఇది బాల్’ అని మనసు తేల్చేస్తే, మిగతా సగం కన్ను చూసినా లెక్కలోకి రాదు. బంతి గ్లవ్‌లో పడనివ్వండి. అది వచ్చిన దారిని ఒకసారి మనసులో తిరిగి చూసుకుని, అప్పుడు చెప్పండి. ఆ ఆలస్యం ప్రతి బంతికీ ఒకేలా ఉంటే, తటపటాయిస్తున్నారని ఎవరూ అనుకోరు.

ప్రశ్న: పొద్దున 7 గంటలకే మ్యాచ్ పెడతారు. ఎండ కంట్లో కొడుతుంది, చెమట కారుతుంది. పైగా నాకు దూరానికీ దగ్గరికీ కలిపిన అద్దాలు.
– రిటైర్డ్ వ్యాయామోపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: ముందు అద్దాల సంగతి. బంతి దగ్గరికొచ్చే కొద్దీ మీ చూపు కిందికి దిగి, చదవడానికి ఉంచిన భాగంలోంచి పోతుంది. అది చేతిలో పుస్తకం దూరానికి పనికొచ్చేది. బంతి ప్లేటు దాటేది మీకు నాలుగైదు అడుగుల ముందు, అక్కడ మసకబారుతుంది. ఆటకోసం దూరపు చూపుకు మాత్రమే ఒక జత వేరుగా చేయించుకోండి, పాలీకార్బొనేట్ అద్దాలతో. కొత్త మాస్క్ కొనేటప్పుడు అద్దాలు పెట్టుకునే సరిచూడండి. కమ్మీ కంటికి అడ్డం రాకూడదు, దిండ్లు అద్దాల ఫ్రేమును నొక్కకూడదు.

ఎండకు పరిష్కారం మైదానం గీసేటప్పుడే ఉంది. హోమ్ ప్లేట్ నుంచి పిచర్ వెనకాల ఉండే సెకండ్ బేస్ వైపు గీత తూర్పు ఈశాన్యంగా ఉంటే మంచిదని నియమావళి చెబుతుంది. సాయంత్రం ఆటకు అది చక్కగా కుదురుతుంది. పొద్దున ఆటకు అదే గీత సూర్యుడిని నేరుగా మీ కళ్లలోకి తెస్తుంది. మన స్కూలు మైదానాల్లో స్థలానికి కొదవ లేదు కాబట్టి, పొద్దున మ్యాచ్‌కు ప్లేటు దక్షిణం వైపు పెట్టి, మీరు ఉత్తరం చూసేలా గీయించండి. పిచర్ వెనకాల సున్నం కొట్టిన ప్రహరీ ఉంటే తెల్ల బంతి అందులో కలిసిపోతుంది. నర్సరీలకు వాడే గ్రీన్ షేడ్ నెట్ ఆ మేర కట్టించండి, అటువైపు జనాన్ని కూర్చోనివ్వకండి. ఎర్రనేల మీద బంతి నాలుగు దొర్లుళ్లకే మట్టిరంగుకు తిరుగుతుంది. తుడిచినా పోకపోతే మార్చేయండి, ఆ అధికారం మీదే. చెమటకు మాస్క్ కింద నుదుటిపట్టీ కట్టుకోండి, ఇన్నింగ్స్ మధ్య పిండుకోండి.

ప్రశ్న: అమ్మాయిల సాఫ్ట్‌బాల్‌కు వేరే పద్ధతి ఉందా?
– పీఈటీ మేడమ్, ఆదోని

జవాబు: నిలబడే తీరు అదే. మారేది చూపు మొదలుపెట్టే చోటు. బంతి చేయి వదిలేది తుంటి దగ్గర, కాబట్టి ముందునుంచే అక్కడ చూడండి. చేయి గుండ్రంగా తిరుగుతున్నప్పుడు దాని వెంట కళ్లు తిప్పితే, వదిలిన క్షణం తప్పిపోతుంది. దూరం 43 అడుగులే కాబట్టి, ఇంకాస్త ముందే కుదురుకోవాలి.

ప్రశ్న: అమెరికాలో మిషన్లే చెప్తున్నాయంట కదా, ఇంకా ఇదంతా నేర్చుకోవాల్నా?
– ఇంటర్ విద్యార్థి, అనంతపురం

జవాబు: కొరియా లీగ్‌లో 2024 నుంచి ప్రతి బంతినీ యంత్రమే తేలుస్తోంది. అమెరికా మేజర్ లీగ్ 2026కు ఒప్పుకున్నది సవాలు పద్ధతి మాత్రమే, అంటే ఆటగాడు ఒప్పుకోనప్పుడే యంత్రాన్ని అడుగుతారు. అక్కడ మొదట చెప్పేది ఇప్పటికీ అంపైరే. అంత పరికరాలు మన మైదానాలకు రావు తమ్ముడూ, నేర్చుకో.

ప్రశ్న: మ్యాచ్‌లు ఏడాదికి నాలుగే. మిగతా రోజులు కన్ను ఎట్లా సాధన చేయాల?
– క్లబ్ ఆటగాడు, కడప

జవాబు: పిచర్ల ప్రాక్టీసుకు మాస్క్, కవచం వేసుకుని క్యాచర్ వెనక నిలబడండి. మొదటి 20 బంతులకు నోరు విప్పకండి, చూడటమే పని. తర్వాతి 20కి స్ట్రైకా బాలా అనకుండా ‘పైన’, ‘కింద’, ‘లోపల’, ‘బయట’ అని మాత్రమే చెప్పండి. ఆ తర్వాతే పూర్తి తీర్పు. ప్లేటు ముందు అంచుకు రెండు పక్కలా వెదురు కర్రలు పాతి, మోకాలి ఎత్తున ఒకటి, ఛాతీ ఎత్తున ఒకటి దారాలు కట్టండి. ఇది బ్యాటర్ లేనప్పుడే. దారానికి తగిలిన బంతి మీ తీర్పును అక్కడికక్కడే సరిచూస్తుంది. ఒక స్నేహితుణ్ని పక్క నుంచి మీ తలను ఫోన్‌లో వీడియో తీయమనండి. వెనక గోడ మీద సుద్దతో ఒక అడ్డగీత గీస్తే మాస్క్ పై అంచు ఎంత కదిలిందో తెలిసిపోతుంది. రెండు అంగుళాలు కదిలినా మళ్లీ మొదటి 20 బంతుల దగ్గరికి వెళ్లండి.

బంతి బ్యాట్‌కు తగిలినప్పుడు కళ్లు మూసుకునే అలవాటు పోవడానికి, మాస్క్ పెట్టుకుని ఎదురుగా ఆరడుగుల దూరం నుంచి మెత్తటి టెన్నిస్ బంతులు మాస్క్ మీదికి వేయించుకోండి. బంతుల మీద స్కెచ్ పెన్‌తో అంకెలు రాసి, తగిలేలోపు అంకె చదవండి. ముఖం పక్కకు తిప్పారంటే దెబ్బ చెవి పక్కన తగులుతుంది, సూటిగా ఉంటే కమ్మీలు ఆపుతాయి.